గింజ తిన్నవాళ్లదే వంతు

నాకిప్పుడు ఒక్క దవడ పన్ను మిగిలింది. నోరు మాత్రం ఏమీ తగ్గలేదని కింది అంతస్తు ఆవిడ అంటూ ఉంటుంది. అననీ. ఈ కథ చెప్పడానికి పళ్లు అక్కర్లేదు.

పట్నం పిల్లలు పల్లెకు పోయి మట్టి పిసకాలని పైనుంచి హుకుం వచ్చిన రోజులవి. షాంఘై నుంచి నన్నూ మా చెల్లెలు యున్‌షీనీ తీసుకెళ్లి కొండల మధ్య ఒక ఊళ్లో పడేశారు. ఒకప్పటి భూస్వామి ధాన్యపు కొట్టే మా బస. పగలంతా వరి మళ్లలో నడుములు విరిగేవి. సాయంత్రం ఇంత గంజి, ముల్లంగి ఊరగాయ ముక్క. పాత పుస్తకాలన్నీ విషమని తగలబెట్టించేవారు. అందుకే మాకు వాటిమీద అంత యావ.

మాతో ఉండే రువాన్ పెయ్‌జెన్ దగ్గర ఒక పాత నవల ఉండేది. ఒక గొప్ప ఇల్లు తరతరాలుగా ఎలా కూలిపోయిందో ఆ కథ. నీలం అట్ట, దారంతో కుట్టినవి, నాలుగు భాగాలు. ఆమె తాత ఉప్పు వ్యాపారి. వాళ్ల ఇల్లు జప్తు చేసిన రోజున మూడు భాగాలు నడుముకి కట్టుకుని బయటపడింది, నాలుగోది ఇంట్లోనే పోయింది. దాంతో చివరికి ఆ ఇంట్లో ఎవరు మిగిలారో మాకెవరికీ తెలీదు. చిన్న కోడలు బతికి ఉంటుందని కళ్లజోడు శ్యుయె కలుపు తీస్తూ వాదించేవాడు. ఆ ఇంట్లో అందరికీ సోకులెక్కువ, బుద్ధి తక్కువ, ఒక్కళ్లూ మిగలరని నేను తీసిపారేసేదాన్ని. పెయ్‌జెన్ నవ్వి ఊరుకునేది.

ఆ పుస్తకం చేతులు మారడానికి మాలో ఒక పద్ధతి ఉండేది. ఇచ్చేవాళ్లు దాంతోపాటు గుప్పెడు వేయించిన చిక్కుడు గింజలు పొట్లం కట్టి పెట్టాలి, చదువుతూ నమలడానికి. గింజలు తిన్నావంటే వంతు తీసుకున్నట్టే. ఇక ఆఖరి పేజీ దాకా చదవాలి, తర్వాతి మనిషికి అందించాలి. భయమేస్తే పొట్లం ముట్టకుండా పక్కకి జరిపితే చాలు, ఎవరూ ఏమీ అడగరు. పెయ్‌జెన్ తర్వాత యున్‌షీ, యున్‌షీ తర్వాత నేను, నా తర్వాత శ్యుయె. నాకు అప్పటికే పళ్లు పుచ్చి ఉండేవి. అందుకని మా చెల్లి ఒక్కో గింజకీ ఉండే నల్ల ముక్కుని కొరికేసి ఇచ్చేది, తొక్క తేలిగ్గా ఊడొస్తుందని.

పన్ను పీకించుకోవడానికి నేను టౌనుకి వెళ్లిన రోజునే సోదా జరిగింది. వంతు నాది కాబట్టి పుస్తకం నా పెట్టెలో దొరికింది. ఇదెవరిదని మమ్మల్ని పనికి తోలే దళ నాయకుడు అడిగాడట. అక్కని ఎక్కడ పట్టుకెళతారోనని యున్‌షీ నోరు తెరిచింది. "పెయ్‌జెన్‌ది" అంది. అబద్ధం కూడా కాదు మరి. మిగతా తలలన్నీ ఊగాయి. రెండేసిసార్లు చదివిన శ్యుయె తల కూడా ఊగింది.

పందుల దాణా ఉడికించే పొయ్యి ముందు పెయ్‌జెన్‌ని నిలబెట్టి, మూడు భాగాలూ ఆమె చేతే పేజీ పేజీ చింపించి మంటలో వేయించారు. ఆ తర్వాత ఎవరూ ఆమె పక్కన కూర్చుని గంజి తాగలేదు. తామర దుంపలు తవ్వేటప్పుడు చెరువులో శవమై కనిపించింది. కాలు జారిందన్నారు. మేమూ అదే అన్నాం. ఎంత మంచివాళ్లమో.

కొన్నాళ్లకి పక్క ఊళ్లో సినిమా ఆడించారు. చలిగా ముసురు పట్టిన సాయంకాలం. తలనొప్పిగా ఉందని యున్‌షీ రాలేదు. నేను సగం దారి వెళ్లి, ఒంటరిగా ఉంది కదా అని వెనక్కి తిరిగాను.

తలుపు తీయగానే వాసన. వేయించిన గింజల వాసన... దాని కింద చెరువు బురద వాసన.

యున్‌షీ దోమతెరలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పక్కన కిరసనాయిలు దీపం. ఒళ్లో నీలం అట్ట పుస్తకం. ఏదో నములుతోంది.

"ఏమిటే అది?"

"నాలుగో భాగం."

"ఎవరిచ్చారు?"

తలెత్తలేదు. "కిటికీలో పెట్టి వెళ్లింది. నాకు ముందు ఎవరుంటారక్కా?"

పొట్లం వైపు చూశాను, సగం ఖాళీ. నా చూపు దానికి అర్థమైంది.

"ఆకలేసింది" అంది. "చూడకుండా నోట్లో వేసుకున్నాను."

అంతే. తిట్టడానికైనా ఏముంది? రోజూ గంజినీళ్లు తాగేవాళ్లకి గింజల పొట్లం కనిపిస్తే చెయ్యి ఆగుతుందా? వంతు నేను తీసుకుందామని ఒక గింజకి చెయ్యి చాపాను. యున్‌షీ నా చేతిమీద ఫెళ్లున కొట్టింది. పుట్టి బుద్ధెరిగాక అది నన్ను కొట్టడం అదే మొదలు. మిగిలిన గింజలన్నీ ఒకేసారి నోట్లో కుక్కుకుంది. కళ్లనీళ్లు కారుతున్నాయి, నములుతూనే ఉంది.

"నా తర్వాత నువ్వే కదా" అంది. "నీకివ్వను."

పుస్తకం లాక్కోబోయాను. అట్ట మంచులా ఉంది. రాలేదు. దాని వేళ్లు విడదీద్దామంటే వేళ్లూ అలాగే ఉన్నాయి. బయట వాన ఆగిపోయింది. అయినా కిటికీ కింద నీళ్లు కారుతున్నాయి. బొట్టు... బొట్టు... తడిసిన బట్టలతో ఎవరో నిలబడి ఎదురు చూస్తున్నట్టు.

"చిన్న కోడలు ఏమైందే?" అని అడిగాను. ఎందుకడిగానో... మాటల్లో పెడితే చదవడం ఆపుతుందని.

"అందరూ అయిపోతున్నారక్కా. ఇంకొన్ని పేజీలే. దీపంలో నూనె పొయ్యి."

అప్పుడు నాకు తట్టింది. వెలుతురు లేకపోతే ఎలా చదువుతుంది? ఆఖరి పేజీ చేరకపోతే వంతు తీరదు. వంతు తీరకపోతే అది ఎక్కడికీ పోదు. ఒంగి ఉఫ్ మని దీపం ఊదేశాను.

చీకటి.

దాని ఊపిరి వినిపిస్తోంది. దోమతెరలోకి దూరి, లోపల్నుంచి ముడి వేసి, దాని మోకాలు గట్టిగా పట్టుకున్నాను. పోనీలే, తెల్లారేదాకా ఇలాగే పట్టుకుంటాను అనుకున్నాను.

చీకట్లో పేజీ తిరిగింది.

ఇంకోటి...

యున్‌షీ గుసగుసగా చదువుతోంది. ఒక్కో మాట తర్వాత చిన్న ఆలస్యం. ఆ ఆలస్యంలో ఇంకో గొంతు తర్వాతి మాట అందిస్తోంది. చిన్నపిల్లలకి పలక మీద దిద్దించినట్టు, ఓపిగ్గా. ఆ గొంతు నాకు తెలుసు. కలుపు తీసేటప్పుడు నవ్వి ఊరుకునే గొంతు.

నా చేతి కింద మోకాలు తడిగా ఉంది. తర్వాత తడి మాత్రమే ఉంది.

అగ్గిపుల్ల గీశాను. దోమతెర ముడి విప్పకుండా అలాగే ఉంది. లోపల నేను తప్ప ఎవరూ లేరు.

తెల్లారి చెరువు గాలించారు. యున్‌షీ దొరికింది. పుస్తకం దొరకలేదు. దూది కోటు జేబులో నాలుగు గింజలున్నాయి, ఎండబెట్టినంత పొడిగా. ఒక్కోదానికీ నల్ల ముక్కు కొరికేసి ఉంది. దళ నాయకుడు కాలు జారిందన్నాడు. ఈసారి నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే ఎవడిక్కావాలి?

తర్వాత నన్ను షాంఘైకి తిరిగి పంపారు. చెల్లిని పోగొట్టుకున్నదని జాలిపడి సంతకం పెట్టారు. అలా నా చెల్లెలు నన్ను ఇంటికి చేర్చింది. ఇప్పుడా నవల ఏ కొట్లో చూసినా నాలుగు భాగాలూ కలిపి అందంగా పెట్టి అమ్ముతున్నారు. పుట్టినరోజులకి బహుమతిగా ఇచ్చుకుంటారట. నేను ఆ కొట్ల ముందు నుంచి నడవను.

శ్యుయె పోయిన వసంతంలో పోయాడు. ఇక నా తర్వాత ఎవరూ లేరు.

ఈ ముసురు పట్టినప్పటి నుంచి నా కిటికీ గట్టుమీద పొట్లం కనిపిస్తోంది. నేనుండేది ఆరో అంతస్తు. గింజలు వేడివేడిగా ఉంటాయి, ముక్కులు కొరికేసి ఉంటాయి. పద్ధతి ప్రకారం ముట్టకుండా పక్కకి జరుపుతున్నాను. మర్నాడు మళ్లీ ఉంటుంది. నాకివ్వనంది, ఇన్నేళ్లూ ఇవ్వలేదు. మోసి మోసి అలిసిపోయిందేమో పిచ్చిది. ఒక్కోసారి కోపమొస్తుంది, అంత మొండితనం ఎందుకే నీకు అని. ఒక్కోసారి తిని పారేద్దామా అనిపిస్తుంది, ఒక్కసారి దాన్ని చూడొచ్చు కదా అని. కానీ అది నా చేతిమీద కొట్టిన దెబ్బ గుర్తొస్తుంది. ముట్టను.

ఇవాళ పొద్దున్న లేచేసరికి గట్టుమీద పొట్లం విప్పి ఉంది. గింజలు లేవు. తొక్కలున్నాయి.

నేను ముట్టలేదు. ఒట్టు. ఈ ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ ఉండరు.

పళ్లు తోముకుందామని నోరు తెరిస్తే ఉప్పగా తగిలింది. ఆ ఒక్క దవడ పన్నుకి ఏదో అంటుకుని ఉంది. నాలుకతో తోసి అరచేతిలోకి తీసి చూశాను.

చిక్కుడు గింజ తొక్క. ఇంకా వెచ్చగా ఉంది.