మణికట్టు వంగితే

తక్ మున్‌షిక్‌ను చంపింది శత్రువుల డ్రోన్ కాదు. గూఢచారి సంస్థ సొంత డ్రోనే అతని కిటికీ అద్దం పగలగొట్టుకుని లోపలికి దూసుకెళ్లి, ఎముకల సూప్ గిన్నె ముందు కూర్చున్న మనిషిని బలి తీసుకుంది. సంస్థలోని పైలట్లందరికీ అతను గురువు.

అంత్యక్రియల మర్నాడు ఏజెంట్ ఓక్ దన్‌బీ బుసాన్ కార్యాలయంలో డైరెక్టర్ పాంగ్ ఎదుట నిలబడింది.

"కూర్చో."

"నిలబడే వింటాను, సర్."

"ముఠా తరఫున డ్రోన్ నడిపేవారి కోడ్ పేరు 'కొంగ'. వెనక విదేశీ డబ్బు. తర్వాతి టార్గెట్ కోజే ఓడల కర్మాగారం. శనివారం గస్తీ నౌక జలప్రవేశం. ఓడ నీళ్లలోకి దిగేలా గొడ్డలితో తాడు తెంచేది తక్ భార్య ఇన్‌సుక్. ఆమెకేమీ కాకూడదు."

"ఆ మాట ఆయన బతికుండగా ఆయన గురించి అని ఉండాల్సింది."

"నోరు అదుపులో పెట్టుకో!"

"పాత కంట్రోలర్‌కు బొటనవేలి మీట ఉండేది, సర్. అది నొక్కి పట్టుకుంటేనే డ్రోన్ మన చేతి కదలికను లెక్కచేసేది. వేలు తీస్తే గాల్లో నిలిచిపోయేది. కొత్తదానికి ఆ మీటే లేదు. మణికట్టు ఎటు వంగితే డ్రోన్ అటే. వద్దని తక్ గారు ఎంత మొత్తుకున్నారు?"

"వేగం పెరుగుతుందని అందరూ ఒప్పుకున్నారు."

"ఒప్పుకోలేదు. మీరు అరిచారు, మేం నోరు మూసుకున్నాం. ఒక్క రోజులో మార్చేయాలన్నారు. ఆ హడావిడిలో ఒక కంట్రోలర్ మాయమైంది. అది తక్ గారు కనిపెట్టారు. అందుకే ఆయన్ని చంపేశారు."

పాంగ్ ఫైలు మూసేశాడు. ఇరుకున పడ్డప్పుడల్లా అది అతని పద్ధతి. మూసేశాడు.

శనివారం ఉదయం కోజే రేవు గోడ మీద దన్‌బీ ఎండు స్క్విడ్ అమ్ముతోంది. పూల టోపీ, రబ్బరు బూట్లు, టోపీ అంచులో కెమెరా, చేపల పెట్టెలో జామర్. ఇనుప కంచెకు అవతల, జనం మధ్యలో సొల్ హీరా నిలబడి ఉంది. నల్లకళ్లద్దాలు, ఎర్ర స్కార్ఫ్, చేతిలో కొత్త కంట్రోలర్. ఒకప్పుడు విన్యాసాల ప్రదర్శనల్లో పత్రికలు వెంటపడిన పైలట్ ఆమె. తక్ శిష్యుల్లో మొదటిది. వేదికకు కాపలాగా డ్రోన్ ఎగరేయడం ఈ రోజు ఆమె డ్యూటీ.

"పీతా, నీ స్క్విడ్ కంపు ఇక్కడిదాకా కొడుతోంది," ఇయర్‌ఫోన్‌లో హీరా గొంతు. దన్‌బీని ఆమె ముద్దుగా పిలిచే పేరది. "ఒక్కటైనా అమ్ముడుపోయిందా?"

"నువ్వొచ్చి బోణీ చెయ్యక్కా. నీ మొహం చూసి తగ్గించి ఇస్తా."

డ్రోన్ సముద్రం మీదికి లేచింది. దాని ముక్కు కిందికి వాలి ఉంది. ఒట్టి కెమెరా మోసే డ్రోన్ అలా వాలదు. దన్‌బీ టోపీ అంచు సవరించి కెమెరాతో దగ్గరగా చూసింది. పొట్ట కింద బూడిదరంగు పొట్లం కనిపించింది.

"అక్కా, దాని కడుపు కింద ఏంటది?"

ఇయర్‌ఫోన్‌లో సన్నని నవ్వు.

"గురువుగారు కూడా ఇలాగే ప్రశ్నలు వేసేవారు. మీకెందుకే అన్ని ప్రశ్నలు?"

దన్‌బీ లైన్ మార్చింది. "సర్, కొంగ మన హీరానే. బాంబు గాల్లో ఉంది."

"జామర్ వెయ్!"

"తక్ గారింట్లో జామర్ నడుస్తూనే ఉంది, సర్. డ్రోన్ ఆగిందా? సంకేతం తెగితే నేరుగా ముందుకే పోయేలా అమర్చుకున్నారు."

"అయితే హీరాను కాల్చెయ్!"

"మధ్యలో జనం ఉన్నారు!"

వేదిక మీద ఇన్‌సుక్ వెండి గొడ్డలి ఎత్తింది. డ్రోన్ సముద్రం మీద అర్ధవృత్తంగా తిరిగి ఆమె వైపు రాసాగింది. ఇంకాసేపు ఆగితే దాని కింద నీళ్లుండవు, మనుషులుంటారు.

అన్నాళ్లుగా రగులుతున్న కోపమే దన్‌బీకి దారి చూపింది.

"సర్, ఆమె లైన్లోకి వెళ్లి తిట్టండి."

"ఏంటీ?"

"రోజూ పొద్దున్నే మమ్మల్ని తిట్టినట్టే. మీకు చక్కగా వచ్చిన పని అదొక్కటే. ఊఁ, కానివ్వండి!"

కింది ఉద్యోగి చేత ఇంతమాట పడటం పాంగ్‌కు కొత్త. ఆ మంట అంతా హీరా చెవిలో పడింది.

"సొల్ హీరా! ఏయ్! పైఅధికారి లైన్లో ఉంటే ఆ నిలబడటమేంటి? సిగ్గు లేదూ!"

ఆ కార్యాలయంలో పాంగ్ ఫోన్ చేస్తే, అవతలి గదిలో ఉన్నవాళ్లు సైతం లేచి, రిసీవర్ చెవికి ఆన్చుకునే నడుము దాకా వంగేవారు. అతనికి కనిపించదని తెలిసీ వంగేవారు. అది విధేయత కాదు. ఏళ్ల తరబడి పడిన అరుపులు వెన్నెముకలో కట్టిన అలవాటు. ద్రోహం హీరా మనసును మార్చింది గాని, వెన్నెముక దాకా చేరలేదు.

"క్షమించండి, సర్!"

నడుము వంగింది. నడుముతో భుజం, భుజంతో మణికట్టు వంగాయి. పాత కంట్రోలరైతే ఆ ఉలికిపాటుకు బొటనవేలు జారి, డ్రోన్ గాల్లో ఆగిపోయేది. కొత్తది మణికట్టును అక్షరాలా పాటించింది. డ్రోన్ పూర్తి వేగంతో సముద్రంలోకి తలకిందులుగా దిగింది. నీరు తాటిచెట్టంత లేచి ముందు వరుస అతిథులందరినీ తడిపేసింది. పేలుడును బాణసంచా అనుకుని బ్యాండువాళ్లు మరింత గట్టిగా వాయించారు. ఇన్‌సుక్ గొడ్డలి దించింది. తాడు తెగింది, ఓడ కదిలింది.

దన్‌బీ కంచె దూకి సంకెళ్లు వేసేదాకా హీరా తన చేతినే చూసుకుంటూ ఉంది.

"నేను వంగానా?"

"నడుము దాకా వంగావక్కా. గురువుగారి భార్యను చంపబోతూ కూడా మర్యాద తప్పలేదు."

సోమవారం పాంగ్ హుషారుగా ఉన్నాడు.

"చూశావా? నేను నేర్పిన క్రమశిక్షణ ఓడను కాపాడింది. కొత్త కంట్రోలర్ కూడా! పాతదైతే బాంబు గాల్లోనే వేలాడేది. పైకి పంపే నివేదికలో రెండింటినీ మెచ్చుకుంటూ రాస్తున్నా."

"పాతది ఉంచి ఉంటే, సర్, తక్ గారు ఇవాళ కూడా ఆ కిటికీ పక్కన సూప్ తాగుతూ ఉండేవారు. అదీ రాయండి."

ఆమె తల వంచకుండానే బయటికి నడిచింది. వెనక నుంచి పాంగ్ అరుపు గోడలు దాటి వినిపించింది. అది ఎవరిమీదో తెలియకపోయినా, వరండా పొడవునా ఉద్యోగులందరూ ఎవరి బల్ల దగ్గర వాళ్లు లేచి వంగి నిలబడ్డారు.