పొదుపు 6.2

"వెంకటప్పయ్య గారిది మామూలు చావు కాదు," అంది ఛాయాదేవి. "ఎవరో ఆయన ఇన్సులిన్ పెన్ను మార్చారు."

అఫ్జల్ తలూపాడు. గుణదలలో ఒక జిరాక్స్ షాపు పైన ఉంది వాళ్ల ఆఫీసు. బయట కంప్యూటర్ సర్వీసెస్ అని బోర్డు. లోపల రహస్య విభాగం. ఛాయాదేవి దాని చీఫ్, అఫ్జల్ ఏజెంటు.

వెంకటప్పయ్య అతనికి మైలవరంలో చదువు చెప్పిన మాస్టారు. లైనక్స్ సీడీ ఒకటి చేతిలో పెట్టి, "దీని లోపలంతా తెరిచే ఉంటుందిరా. చదువుకో, నచ్చకపోతే మార్చుకో, మార్చింది పదిమందికీ ఇవ్వు," అన్న మనిషి. ఆ రోజు నుంచి అఫ్జల్ మరో ఆపరేటింగ్ సిస్టమ్ ముట్టలేదు. మూడు రోజుల క్రితం మాస్టారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు అతను ఇడ్లీ తింటున్నాడు. ప్లేటు ఖాళీ చేసి చేయి కడుక్కున్నాడు. ఇప్పటికీ లోపల ఏమీ కదలడం లేదు.

"ఆయన రాసిన 'పొదుపు' తెలుసుగా?"

"ఫైళ్లని కుదించే ప్రోగ్రామ్ మేడమ్. ఓపెన్ సోర్స్. లైనక్స్ ఉన్న ప్రతిచోటా ఉంటుంది."

"డెల్టా కాలువల గేట్లు నడిపే కంప్యూటర్లలో కూడా. రెండేళ్లుగా సాత్విక్ అనే పేరుతో ఒకరు మెయిల్స్‌లో ఆయనకి సాయం చేస్తున్నారు. ఆయన పోయాక ప్రాజెక్టు ఆ చేతికే వచ్చింది. నిన్న 6.2 విడుదల చేశారు. ఇవాళ నాలుగింటికి గేట్ల కంప్యూటర్లు దాన్ని వాటంతటవే ఎక్కించుకుంటాయి."

అఫ్జల్ లాప్‌టాప్ తెరిచాడు. అందరూ చదవగలిగే కోడ్ శుభ్రంగా ఉంది. దాంతో తనే ఒక ప్యాకేజీ తయారుచేసి, నిన్న విడుదలైనదాని పక్కన పెట్టాడు. రెండూ కలవలేదు. విడుదలైనదాంట్లో ఒక ముక్క ఎక్కువుంది. గేట్లన్నీ ఒకేసారి ఎత్తి, మళ్లీ దిగకుండా బిగించే ముక్క. కృష్ణలో వరద పోటు మీదుంది. కింద వందల ఊళ్లు.

"కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేశారా?"

"గాలివానకి అక్కడి టవర్లు పడిపోయాయి. మనిషిని పంపితే దారిలో నీళ్లు. అప్‌డేట్ మాత్రం శాటిలైట్ మీదుగా వెళ్లిపోతుంది."

"సాత్విక్ ఎవరు?"

"కూచిపూడిలో ఉంటుంది. అసలు పేరు ఉషశ్రీ, డాన్సర్. విదేశీ ముఠా మనిషి. నెల నుంచి మనకీ సమాచారం ఇస్తోంది. ఈ సంగతి మాత్రం చెప్పలేదు. ఎవరివైపో నాకూ తెలీదు. వెళ్లి తేల్చుకో."

మూడూ ఇరవైకి అఫ్జల్ నెట్ కంపెనీ చొక్కా తొడుక్కుని, నిచ్చెన భుజాన వేసుకుని కూచిపూడిలో ఆ ఇంటి ముందు దిగాడు. తెల్ల కారులో ఉన్న ముఠా కాపలా మనిషి అద్దం దించాడు.

"ఎవరయ్యా?"

"నెట్ కంప్లెయింటండీ."

తలుపు తీసినావిడ పట్టుచీరలో, కళ్లకి కాటుకతో, స్టేజీ మీదకి వెళ్లబోతున్నట్టు ఉంది. మెడలో నల్లరాయి లాకెట్.

"కేబుల్ ఎలక కొరికిందాండీ?" అన్నాడు.

"కాదండీ, ఉడత." రహస్య సంకేతం సరిపోయింది. తలుపు మూశాక గొంతు తగ్గించింది. "ఆయన్ని చంపుతారని నాకు తెలీదు."

"సరే."

"నమ్మరా?"

"నమ్మినా నమ్మకపోయినా టైము మూడున్నరండీ."

"నేను నొక్కే ప్రతి అక్షరం వాళ్లకి కనిపిస్తుంది."

అఫ్జల్ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఆమె లాప్‌టాప్‌కి పెట్టి, దాన్నుంచే స్టార్ట్ చేశాడు. తెర మీద లైనక్స్ లేచింది. ముఠా నిఘా ప్రోగ్రామ్ హార్డ్ డిస్క్‌లోనే పడుకుని ఉండిపోయింది. అతను పొదుపు వాడేవాళ్లందరికీ తన ఫోన్ నంబరుతో ఒకే మెయిల్ పెట్టాడు: అందరికీ కనిపించే కోడ్‌తో 6.2ని మీరే తయారుచేసి, విడుదలైనదాంతో పోల్చి చూడండి.

ఇరవై నిమిషాల్లో రూతు నుంచి కాల్. ఆమె విజయవాడలో లెక్చరర్. గేట్ల కంప్యూటర్లు అప్‌డేట్లు తెచ్చుకునే సర్వర్‌ని స్వచ్ఛందంగా నడుపుతోంది.

"మీరన్నది నిజమేనండీ. బ్రెజిల్‌లో ఒకాయన, ఫిన్లాండ్‌లో ఒకావిడ కూడా సరిచూశారు."

"సర్వర్ ఆపేయండి."

"లాభం లేదండీ. ప్రపంచమంతా దీనికి ముప్పై కాపీలున్నాయి, ఇది ఆగితే గేట్ల కంప్యూటర్లు ఇంకోదానికి వెళ్తాయి. వెర్షన్నే రద్దు చేయాలి. దానికి విడుదల చేసినవాళ్ల డిజిటల్ సంతకం కావాలి."

ఉషశ్రీ లాకెట్ పట్టుకుంది. సంతకం చేసే డిజిటల్ తాళంచెవి అందులోనే ఉంది.

"నేనే ఆపానని వాళ్లకి తెలిసిపోతుంది."

"తెలుస్తుంది."

"బయటపడే దారి?"

"పెరటి గోడ. నిచ్చెన తెచ్చాను."

తలుపు మీద దబదబా బాదిన చప్పుడు. "ఇంకా అవలేదా?" కాపలా మనిషి గొంతు.

"రెండు నిమిషాలండీ," అన్నాడు అఫ్జల్. మూడూ యాభై ఎనిమిది.

"వెంకటప్పయ్య గారు చివరి మెయిల్లో నాకు రాశారు," అందామె, అతనివైపు చూడకుండా. "మీలాంటివాళ్లు దొరికారు, ఇక నాకు నిశ్చింత అని." లాకెట్ విప్పి లాప్‌టాప్‌కి గుచ్చింది. పాస్‌వర్డ్ ఒకసారి తప్పింది. రెండోసారి సరిపోయింది.

6.2 రద్దయింది. నాలుగవడానికి తొమ్మిది సెకన్లున్నాయి. నాలుగింటికి గేట్ల కంప్యూటర్లు కొత్తదేమైనా ఉందా అని అడిగాయి. లేదని జవాబొచ్చింది.

పెరటి అవతల ఛాయాదేవి జీపు సిద్ధంగా ఉంది. వీధిలో పోలీసులు తెల్ల కారుని చుట్టుముట్టారు. ఉషశ్రీ దారంతా ఏడ్చింది. అఫ్జల్ కిటికీలోంచి వరి మళ్లను చూస్తూ కూర్చున్నాడు. తనకి ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. రాలేదు.

మర్నాడు ఉదయం వేరే పేరుతో పొదుపు బాధ్యత తీసుకున్నాడు. వెంటనే మొదటి మెయిల్ వచ్చింది, ఎక్కడో కెనడా నుంచి: "నిన్న మీ కొత్త వెర్షన్ హఠాత్తుగా మాయమైంది. నా పని పది నిమిషాలు ఆగిపోయింది. ఇంత నిర్లక్ష్యమైన ప్రాజెక్టుని నేనెక్కడా చూడలేదు."

అఫ్జల్ రెండుసార్లు చదివి, జవాబు టైపు చేశాడు: "అసౌకర్యానికి చింతిస్తున్నాం."