తర్వాతి స్వరం

మా ఇంటి మెట్ల కింద గదికి మంచి పేరు లేదు. పూర్వం అందులో అద్దెకున్న వయొలిన్ మాస్టారు పాట సగంలో ఉండగా గుండె ఆగి పోయారట. మిగతా సగం పూర్తి చేసుకోవడానికి చీకటి పడగానే వస్తారని వీధిలో అందరూ అంటారు. కళ్లారా చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు... అందరూ ఎవరో చెప్పగా విన్నవాళ్లే.

నేనూ అంతే. ఇది మా బావ చెప్పగా విన్నాను.

బావంటే మా అక్క మొగుడు, మాతోనే ఉంటాడు. లిఫ్టుల కంపెనీలో ఇంజినీరుగా ఉండేవాడు. ఓ రోజు మేనేజరుకి "మీకూ మీ లిఫ్టులకూ ఓ దండం" అని చెప్పి వచ్చేశాడు. కారణం, ఆయనో కొత్త వస్తువు కనిపెడుతున్నాడు. సింథసైజర్‌కి, అంటే కరెంటుతో పలికే కీబోర్డుకి, తగిలించే చిన్న పెట్టె. దానంతట అదే సంగీతం పుట్టిస్తుంది. ఒకసారి పలికిన వరస మళ్లీ పలకదు. తర్వాత ఏ స్వరం వస్తుందో వినేవాడికే కాదు, తయారుచేసిన తనకీ తెలియదట. తెలియకపోవడం గురించి అంత గొప్పగా చెప్పుకునే మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు.

పని చేసుకోవడానికి ఇంట్లో ఆ గది ఒక్కటే ఖాళీ.

"దెయ్యాలూ గియ్యాలూ నేను నమ్మనత్తయ్యా," అన్నాడు మా అమ్మతో. అమ్మ తాళంచెవి ఇచ్చింది.

మూడు నెలలు గడిచాయి. తెల్లారితే వాయిద్యాల షాపు యజమాని పెట్టె చూడ్డానికి వస్తాడు. నచ్చితే యాభై పెట్టెలు తీసుకుంటాడు. నచ్చకపోతే బావ వెళ్లి ఆ మేనేజరు కాళ్లే పట్టుకోవాలి.

ఆ సాయంత్రం ఏడున్నరకి బావ తన సంగీతం మొట్టమొదటిసారి విన్నాడు. నిజంగానే మొదటిసారి. ఆ గోల భరించలేనని ముందే భయపడి ఇన్నాళ్లూ చెవుల్లో దూది కుక్కుకుని, కంప్యూటర్ తెర మీద పాకే గీతలు చూస్తూ పని చేశాడు. రేపు వచ్చే పెద్దమనిషికి దూది ఇవ్వలేం కదా అని ఆ రోజు తీశాడు.

స్విచ్చి వేశాడు. ఒక స్వరం... ఇంకొకటి... కాస్త నిశ్శబ్దం...

ఎవరో కూనిరాగం తీస్తున్నారు.

పెట్టెతో పాటు కాదు — పెట్టె కంటే ముందు. సన్నటి గొంతు ఒక స్వరం అంటోంది. అరక్షణం ఆగి పెట్టె అదే పలుకుతోంది. గొంతు పైకి వెళితే పెట్టె పైకి... దిగితే కిందికి...

బావకి పై ప్రాణాలు పైనే పోయాయి. చేసిన తనకే తెలియని స్వరం ఇంకొకరికి ఎలా తెలుసు? ఆపేశాడు. గొంతూ ఆగింది. మళ్లీ వేశాడు. రెండో స్వరానికల్లా గొంతు మళ్లీ ముందుంది.

"మాస్టారూ..." అన్నాడు గుసగుసగా. "మీరేనా?"

నెత్తి మీద మెట్టు చెక్క కిర్రుమంది.

తలుపు తోసుకుని బయటపడ్డాడు. మెట్ల మీద, చీకట్లో — తెల్లగా, మనిషంత పొడుగున... ఊగుతోంది.

"ఆపేశావేం బాబూ?" అంది అది.

దుప్పటి కిందికి దిగింది. దాని వెనక మా అమ్మ. ఆరిన బట్టలు రోజూ ఆ వేళకి ఆ మెట్ల మీదే మడతపెట్టడం ఆవిడకి అలవాటు.

"ఆ తర్వాత కిందికి దిగే ముక్క బాగుంటుంది. వెయ్యి, వింటాను."

"తర్వాత ఏమొస్తుందో మీకెలా తెలుసత్తయ్యా?"

"మూడు నెలలుగా రోజూ ఇదే కదా బాబూ. స్విచ్చి వేసినప్పుడల్లా మొదటి నుంచీ ఇదే. పాలవాడికి కూడా వచ్చేసింది."

బావ అక్కడే చతికిలబడ్డాడు. అంతకంటే దెయ్యమైనా బాగుండేదనిపించిందట. పెట్టెలో ఒక గడియారం ఉంది. స్విచ్చి వేసిన క్షణంలో అది చూపే టైమును బట్టే స్వరాల వరస తయారవుతుంది. దానికి బొత్తామంత బ్యాటరీ పెట్టాలి. రేపు పెడదాం, ఎల్లుండి పెడదాం అని మూడు నెలలు బద్ధకించాడు. స్విచ్చి తీయగానే గడియారం సున్నాకి పోతోంది. వేయగానే సున్నా నుంచి అదే పాట.

మా అక్క బరువు చూసుకునే మెషిన్‌లోంచి బ్యాటరీ ఊడబీకి పెట్టెలో పెట్టాడు. టైము సరిచేసి స్విచ్చి వేశాడు. ముందూ వెనకా లేని కొత్త మోత. ఆపి మళ్లీ వేశాడు. ఇంకో రకం మోత. యాభై పెట్టెలూ కళ్ల ముందు కదిలాయి.

అమ్మ గుమ్మంలో నిలబడి కాసేపు విని, మొహం చిట్లించింది.

"బంగారం లాంటి దాన్ని పాడుచేసుకున్నావు కదా బాబూ."

బావ బల్ల మీద దూది వెతుక్కుని చెవుల్లో పెట్టుకున్నాడు.