తెరిచిన గడపలు

తవిటినాయుడు చెవిగిన్నెలు సర్దుకుని ఎడమ మీట నొక్కాడు. బ్యాంకు అధికారినంటూ ఒక ముసలాయన్ని హడలగొడుతున్న గొంతు మాట మధ్యలోనే తెగిపోయింది. వెంటనే ఇంకొకటి వచ్చింది. కారు బహుమతి తగిలిందట. ఎడమ మీట. ఆ తర్వాతది చచ్చిపోయిన కూతురి గొంతు తొడుక్కుని ఒక తల్లిని "అమ్మా" అని పిలుస్తోంది. దొంగతనం చేస్తే చేశారు, పోయిన పిల్ల గొంతు వాడుకోవడానికి వీళ్ళకి మనసెలా ఒప్పుతుందో! ఎడమ మీట విరిగేలా నొక్కాడు.

జనం ఫోన్లలో, కబురుపెట్టెల్లో దూరే నకలుగొంతుల్ని కావలి అనే యంత్రం పసిగట్టి, తీర్పు కోసం ఇలా మనిషి చెవికి పంపుతుంది. ఎడమ మీట నొక్కితే కబురు తెగుతుంది. కుడి మీట నొక్కితే నమూనాకు వదిలినట్టు. దొంగ చివరిదాకా ఏం చేస్తాడో కావలి చూసి నేర్చుకుంటుంది. ఎవరి కొంప ముంచి నేర్చుకుంటుందో మాత్రం ఈ వడపోత కేంద్రంలో ఎవరూ పైకి అనరు. కావలిలో పేరు నమోదు కాని వాళ్ళకి తెరిచిన గడపలని పేరు పెట్టారు. వాళ్ళ కబురు వచ్చిందంటే ఎడమ మీట దానంతటదే బిగుసుకుపోతుంది, కుడిదొక్కటే మిగులుతుంది.

ఇప్పుడు బిగుసుకుంది. తెర మీద పేరు నూకరత్నం. ఊరు భీమిలి దాటాక ఒక తీరపల్లె. భర్త వేటకు వెళ్ళి సముద్రం మీద ఉన్నాడు.

"నూకరత్నం, పడవ పట్టీసుకున్నారు. తెర మీద నీ బొటనేలెట్టు, ఒగ్గేత్తారు," అంటోంది ఆ భర్త గొంతు. అచ్చు అతని గొంతే, కానీ నకలు. వేలు పడిందా, పడవ హక్కు వేరొకడి పేరుకు మారిపోతుంది. ఆ సంసారానికి ఉన్న ఆధారం ఆ పడవ ఒక్కటే.

అవతల ఆమె "ఓలమ్మో, ఓలమ్మో" అని ఏడుస్తూ ఏ మూల వేలు పెట్టాలో తెలియక తడబడుతోంది. ఈమెకు కావలి ఎందుకు లేదు? ఆమె కావలిలో నమోదు కాబోయినప్పటి పాత రికార్డును తవిటినాయుడు రెండో చెవిలో తిప్పి విన్నాడు.

"మీ భర్త పేరు స్పష్టంగా చెప్పండి," అంది యంత్రం.

"మా గుంటడి అయ్యండి."

"సమాధానం సరిపోలలేదు."

"ఆయన పేరు నానెలగ సెప్తానమ్మా! పక్కింటోలని అడగండి."

కొడుకు తండ్రి అందే తప్ప పేరు పలకలేదు, నమోదు రద్దయింది. తవిటినాయుడి తల్లి కూడా ఏనాడూ మొగుడి పేరు నోట పలికి ఎరగదు. మర్యాద పాటించిన పాపానికి ఇలాంటి ఆడవాళ్ళందరినీ దొంగలకు మేతగా వేస్తున్నారన్నమాట.

"సార్, ఎడమ మీట విడిపించండి," అన్నాడు వెనక్కి తిరిగి.

పర్యవేక్షకుడు ఉమాపతి వేయించిన పల్లీలు నములుతున్నాడు. "పడవలవాళ్ళ మీద ఈ ఎత్తు కొత్తదయ్యా. నమూనా దొరికితే రేపు ఎన్నో ఇళ్ళు భద్రం. కుడిది నొక్కు."

ఆ నమలడం చూస్తే తవిటినాయుడికి రోత పుట్టింది. అంతకంటే రోత తన కుడి చేతిని చూస్తే పుట్టింది. ఆ మీటను అతను కూడా నొక్కినవాడే. చెయ్యి చాపి, పొద్దున్న లైను సరిచూసుకునే పరీక్షమైకు తెరిచాడు.

"అమ్మా, వేలు పెట్టకండి! అది మీ ఆయన గొంతు కాదు."

"ఎవుల్నువ్వు? నువ్వే దొంగోడివేమో!"

ఆ మాటా నిజమే. తనను మాత్రం ఎందుకు నమ్మాలి?

"నన్ను నమ్మొద్దమ్మా. ఒక్కటి చెప్పండి. మీ ఆయన మిమ్మల్ని ఎప్పుడైనా పేరు పెట్టి పిలిచాడా?"

ఏడుపు ఆగింది.

"నూకరత్నం, ఆడి మాటలినకు, బేగి వేలెట్టు," అంది నకలు.

"నేదు," అంది ఆమె నెమ్మదిగా. "పెల్లయిన కాడ్నుంచీ ఒలే అనే పిలుత్తాడు." మరుక్షణం విరుచుకుపడింది. "థూ! నీ నోట్లో మన్నడ! నా మొగుడి గొంతేసుకొని నన్నే పేరెట్టి పిలుత్తావా!"

దొంగ లైను తెగిపోయింది.

"బాబూ, ఇదంతా నీకెలగ తెలిసింది?"

"ఇక్కడ వింటున్నామమ్మా."

"మొదట్నుంచీ ఇన్నారా?"

"మొదట్నుంచీ."

"ఇని ఊరుకున్నారా? ఆడంటే దొంగనాకొడుకు. మరి మీరేటి?"

"మైకు ఆపేయ్!" అని అరిచాడు ఉమాపతి. తవిటినాయుడు మైకు ఆపలేదు. చెవిగిన్నెల తీగ ఊడబీకి, గొంతును హాలు స్పీకర్లకు మళ్ళించాడు.

"అమ్మా, ఇక్కడ మా వాళ్ళందరూ ఉన్నారు. ఆ మాట ఇంకోసారి అడగండి."

ఆమె అడిగింది. ఈసారి తిట్లు కూడా కలిపి అడిగింది. హాలులో మీటల చప్పుడు ఆగిపోయింది. ఉమాపతి పొట్లం కింద పడేసి మెయిను స్విచ్చు వైపు పరుగెత్తాడు. అతను అక్కడికి చేరేలోగా రెండో వరసలో ఒక ఆడపిల్ల కుడి మీట వదిలి, తన పరీక్షమైకు తెరిచి, తన లైనులో ఉన్న ఎవరో ముసలాయనతో గట్టిగా అంది.

"తాతా, ఫోను పెట్టేయండి. మేం వింటున్నాం."