పలక మీద నంబరు

ఆ మలుపు దగ్గర చీకటి పడ్డాక బండి ఆపకూడదు. హారన్ కొట్టకూడదు. ముఖ్యంగా... రోడ్డు మధ్యలో ఎవరైనా పలక పట్టుకుని కనిపిస్తే, దాని మీద ఏముందో చదవకూడదు.

చదివితే ఏమవుతుందంటారా? పలక మీద ఎంత నంబరుంటే అన్ని రోజులే మీ ఆయుష్షు. మా వైపు లారీ తోలే ప్రతివాడూ ఒట్టేసి చెబుతాడు. ఇసుక లారీ డ్రైవరొకడు తొమ్మిది చూశాడట. సరిగ్గా తొమ్మిదో రోజున అదే మలుపులో లారీ బోల్తా పడి పోయాడు. దెయ్యమే తీసుకుపోయిందన్నారు. లారీ ముందు చక్రం మోకాలి లోతు గుంటలో ఇరుక్కుని ఉందన్న సంగతి మాత్రం ఒక్కడికీ పట్టలేదు.

టోలు గేటు దగ్గర రసీదు చింపినప్పుడల్లా రోడ్డు కోసమేనంటారు. లీటరు పెట్రోలు పోయించుకుంటే అందులోనూ రోడ్డు బాగుచేతకని కొంత పట్టుకుంటారు. ఇన్నేళ్ళుగా మేం కట్టిన డబ్బు పరిచినా ఆ గుంటలు నిండేవి. అడిగేదెవరు? దెయ్యమంటే అందరికీ సులువు.

ఈ కథ నాకు మా బావ చెప్పాడు. బావంటే మా అక్క మొగుడు, అంబులెన్సు డ్రైవరు. అప్పటికి అక్క పోయి ఎనిమిది నెలలు. ఆ మలుపులోనే పోయింది. వాన వెలిసిన సాయంత్రం, బావ మోటారు సైకిలు వెనక కూర్చుని మా ఇంటికి వస్తూ... నీళ్ళు నిండిన గుంటలో చక్రం దిగబడి, ఎగిరి పడింది. ఊరందరినీ ఆస్పత్రికి చేర్చే మనిషి సొంత పెళ్ళాన్ని చేర్చలేకపోయాడు.

అసలు ఆ రోజు బావ చుట్టుదారిన వద్దామనుకున్నాడు. ఎందుకైనా మంచిదని బయల్దేరే ముందు వాళ్ళ నాన్ననడిగాడు. ఆయన ముప్పై ఏళ్ళుగా రోడ్డు పనుల్లో మేస్త్రీ. మేమంతా మేస్త్రీ మావయ్య అంటాం.

"మలుపులో గుంటలన్నీ పూడ్చేశాం రా. నిశ్చింతగా వెళ్ళండి," అన్నాడు మావయ్య.

"ఇంకేం, మావయ్య వేసిన రోడ్డు! కళ్ళు మూసుకుని పోవచ్చు," అని నవ్విందట అక్క.

పూడ్చింది వానకి కొట్టుకుపోయి ఉంటుందిలే అనుకున్నాం అందరం. మావయ్య మాట మీద అనుమానమా? అక్క పోయినప్పుడు ఆయన ఏడ్చిన ఏడుపు చూసినవాళ్ళెవరూ ఆ ఊసెత్తలేదు.

అప్పట్నుంచీ బావ ఆ దారి తొక్కలేదు. పన్నెండు మైళ్ళు ఎక్కువైనా చుట్టు తిరిగే వచ్చేవాడు. కానీ ఆ రాత్రి రోగిని దించేసి ఒంటరిగా వస్తుంటే డీజిలు ముల్లు అడుగంటింది. చుట్టు తిరిగితే మధ్యలో ఆగిపోవడం ఖాయం. ఏదైతే అదైంది అనుకుని మలుపు వైపు తిప్పాడు.

గాలి లేదు... మనిషి అలికిడి లేదు. అక్క పడ్డ చోటు దగ్గరపడుతున్నకొద్దీ బండి వేగం తగ్గించాడు.

టక్...

అంబులెన్సులోనే ఏదో ఊడిందనుకున్నాడు.

టక్... టక్...

బయటే. ముందే... లైటు వెలుగు మలుపు తిరిగింది. రోడ్డు మధ్యలో తెల్లగా ఒక ఆకారం గొంతుక్కూర్చుని ఉంది. దాని పక్కన, రాయికి ఆనించి... పలక.

చదవకూడదు, చదవకూడదు అనుకుంటూనే ఉన్నాడట. వద్దన్నదాన్నే కళ్ళు ముందు చదువుతాయి.

పదిహేడు.

కాలు ఎప్పుడు బ్రేకు మీద పడిందో తెలీదు. ఇంజను ఆగిపోయింది. పదిహేడు రోజులు... భయం కంటే ముందు బావకి ఒకటే అనిపించిందట. పోనీలే, పదిహేడు రోజుల్లో నా పెళ్ళాం దగ్గరికి వెళ్ళిపోతాను. ఇది చెబుతూ నా ముఖం చూడలేకపోయాడు.

ఆకారం మెల్లగా లేచింది. పలక తీసుకుంది. అరచేత్తో తుడిచింది.

"పదిహేడు అయిపోయింది..." అని గొణిగింది. "ఇంకా ఇరవై నాలుగు..."

"ఎ... ఎవరది?"

"లైటు ఆర్పకు బాబూ... కాస్సేపు ఉండనీ. గుంట కనబడ్డం లేదు."

ఆ గొంతు బావ పుట్టినప్పట్నుంచీ విన్న గొంతు. ఒక్క ఉదుటున కిందికి దూకాడు. కంకర తట్ట, తారు డబ్బా, నేల గట్టిపరిచే దిమ్మిస. వాటి మధ్య, చెమటకి ఒంటికంటుకున్న తెల్లచొక్కాతో మేస్త్రీ మావయ్య. గోడౌనులో రాత్రి కాపలా పని దొరికిందని ఇంట్లో చెప్పి రోజూ వెళ్తున్నది ఇక్కడికన్నమాట.

"నాన్నా! నువ్వా! పై ప్రాణాలు పైనే పోయాయి కదయ్యా!" అంటూ బావ తండ్రిని కావలించుకుని నవ్వేశాడట. నవ్వుతూనే ఏడ్చేశాడు. కోడలు పోయిన చోట ఈ వయసులో ఒంటరిగా గుంటలు పూడుస్తున్న మనిషి! ఆ క్షణంలో తండ్రి మీద అంత ప్రేమ ఎన్నడూ కలగలేదన్నాడు.

అక్కడితో ఊరుకుని ఇంటికి తీసుకొచ్చేసినా బాగుండేది.

"అది సరే... పలకెందుకు నాన్నా?"

మావయ్య పలకని వెనక్కి దాచుకున్నాడు, దొంగతనం చేసి దొరికిన పిల్లాడిలా.

"లెక్క తప్పకూడదని... మొత్తం నలభై ఒకటి."

"నలభై ఒకటని నీకెలా తెలుసు?"

మావయ్య పలకని కంకర తట్ట మీద పెట్టాడు.

"గుంటలన్నీ లెక్కపెట్టి నంబర్లేశాక, గుంటకింతని డబ్బొస్తుంది రా. పూడ్చిన ప్రతి గుంటకీ, పక్కన నంబరు పలక పెట్టి ఫొటో తియ్యాలి. ఆ ఫొటో చూసి పైనుంచి డబ్బిస్తారు... కాంట్రాక్టరు ఒక్కటే పూడ్పించాడు. దాన్నే నలభై ఒక్కసార్లు తీశారు. ఇటోసారి, అటోసారి... పలక మీద నంబరు చెరిపి రాసింది నేను. పట్టుకుని నిలబడింది నేను."

"నీకెంతిచ్చారు?"

"నలభై ఒక్క రోజుల కూలి. చేసింది ఒక్క పూట."

బావ ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఆ రోజు నేనడిగాను నాన్నా... నిన్నే అడిగాను."

"ఎవరడిగినా అన్నీ పూడ్చేశామనే చెప్పమన్నాడు రా కాంట్రాక్టరు. అందరికీ చెప్పి చెప్పి అలవాటైపోయింది. నువ్వడిగినా... నోట్లోంచి అదే వచ్చేసింది."

కన్నకొడుక్కి! ఇంటి కోడలు చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఎదురుగా నిలబడి ఉంటే!

"అది పడ్డ గుంట... ఎన్నో నంబరు?"

"పన్నెండు. ముందుగా పూడ్చింది దాన్నే. తొమ్మిది రాత్రులు పట్టింది, చెయ్యి ఆడక."

బావ దిమ్మిస అందుకోలేదు, తిట్టలేదు. అంబులెన్సు ఎక్కి వచ్చేశాడు. మర్నాడు నాకు ఇదంతా చెప్పి, "బామ్మర్దీ, దెయ్యమైనా బాగుండేది," అన్నాడు. నాకైతే మావయ్య గొంతు పట్టుకోవాలనిపించింది. తెల్లారి వాళ్ళింటికి వెళ్ళి, ఆయన చేతుల నిండా తారు బొబ్బలు చూసి పట్టుకోలేకపోయాను.

మూడు నెలలకి మలుపు నున్నగా అయింది. దెయ్యం శాంతించిందన్నారు లారీవాళ్ళు. నేనూ కాదనలేదు. మావయ్యని మళ్ళీ మావయ్యా అని పిలవడం మొదలుపెట్టాను. బావ కూడా ఓ పూట ఆయనతో కలిసి పళ్ళెం ముందు కూర్చున్నాడు.

నిన్న పట్టపగలు బావ పక్కన కూర్చుని ఆ దారిన వస్తున్నాను. మలుపులో కాంట్రాక్టరు జీపు ఆగి ఉంది. ఒకడు కెమెరా పట్టుకున్నాడు. ఇంకొకడు మావయ్య పూడ్చిన ఒక్కో చోటా తెల్ల సున్నా చుడుతున్నాడు. ఆ గుంటలు పూడ్చడానికని ఈ ఏడాది మళ్ళీ డబ్బు మంజూరైందట. సున్నా పక్కన, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఛాతీకి పలక ఆనించుకుని... మావయ్య.

మమ్మల్ని చూసి కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఈసారి అబద్ధం కాదు రా," అన్నాడు రొప్పుతూ. "ఒట్టు... ఈసారి అన్నీ పూడ్చినవే కదా."

బావ ముందుకే చూస్తూ గేరు వేశాడు. "చదవకు," అన్నాడు నాతో.

అప్పటికే చదివేశాను. పన్నెండు.