దేహమే మొదటి వాక్యం

ఆ కాలానికి కాకినాడలో కథ చూడ్డమంటే కథలోకి నడిచి వెళ్లడమే. సముద్రపు గోడ పక్కన నాలుగెకరాల కథాంగణం ఉండేది. అందులో వీధులు, పడవల రేవు, చేపల బజారు. జనం టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లి, పాత్రల మధ్యే తిరుగుతూ, జరిగేదంతా దగ్గర నిలబడి చూసేవారు.

ఆ పాత్రలకు ఒళ్లు పోసేది సువర్చల. ఆమె కనిపెట్టిన మేనితొడుగు బతికున్న కణజాలం. నటుడు తొడుక్కుంటే గంటలో కండ పట్టి, కొవ్వు పట్టి, కోరిన ఆకారానికి ఎదిగేది. సన్నటి ఎలక్ట్రోడ్లు దాని నరాల్ని లోపలి మనిషి నరాలతో కలిపేవి. నటుడి రక్తమే తొడుగులోనూ తిరిగేది. అందుకే అతను సిగ్గుపడితే తొడుగు బుగ్గలు ఎర్రబడేవి, తొడుగుకు దెబ్బ తగిలితే అతనికి నొప్పి పుట్టేది.

ఏ పాత్రకు ఏ ఆకారం నప్పుతుందో లెక్కగట్టే కృత్రిమ మేధ పేరు ఆకృతి. కొత్త కథ చదవగానే అది అడ్డు చెప్పింది.

"హంతకుడు సంగీతం మాస్టారు. అతన్ని సన్నగా, సుకుమారంగా చేశారు. చేపల బజారులో కాటా వేసే గవరయ్య ఏ పాపం ఎరగడు. అతనికి నూట అరవై కిలోల ఒళ్లు, ఎద్దుమెడ ఇచ్చారు. కథ చెడుతుంది."

"కావాలనే ఇచ్చాను. లావుపాటివాణ్ణి రౌడీని చేసీ చేసీ విసుగొచ్చింది. హత్య పట్టపగలు, అందరి కళ్లముందే జరుగుతుంది. ఇంకెలా చెడుతుంది?"

"కథలో దేహమే మొదటి వాక్యం. అది చదివాక జనం మిగతావి చదవరు."

"చదువుతారు" అంది సువర్చల మొండిగా.

ఆమె నాన్నది కూడా అలాంటి ఒళ్లే. ఆయన లిఫ్టు ఎక్కితే లోపలున్న ఆడవాళ్లు దిగిపోయేవారు. ఆయన తల వంచుకుని మెట్లెక్కేవాడు. ఈ కథ ఆమె ఆయన కోసం రాయించుకుంది.

గవరయ్య వేషం సూరిపండుది. అసలు మనిషి యాభై రెండు కిలోలు.

"మేడమ్‌గారూ, ఈ ఒంట్లో నడుస్తుంటే జనం పక్కకి తప్పుకుంటున్నారండి" అన్నాడు అద్దం ముందు తిరిగి చూసుకుంటూ. "నా జన్మలో నాకెవరూ దారివ్వలేదండి!"

మొదటి ఆట మధ్యాహ్నం మూడింటికి. సువర్చల పైనున్న కంట్రోల్ గదిలో కూర్చుంది. రేవులో సంగీతం మాస్టారు పూలమ్మే పిల్లను వీణతీగతో గొంతు బిగించి చంపాడు. రెండొందలమంది రెండు గజాల దూరంలో నిలబడి చూశారు. మాస్టారు కండువా సర్దుకుని వెళ్లిపోయాడు. అప్పుడు గవరయ్య పరుగున వచ్చి, ఆ పిల్లను ఒళ్లోకి తీసుకుని గొల్లుమన్నాడు.

"వాడే! చంపింది వాడే!" అని ఎవరో అరిచారు.

మొదట ఒక చెప్పు పడింది. తర్వాత తెడ్డు. గవరయ్య చేతులు అడ్డం పెట్టుకున్నాడు. ఆ చేతులు అంత పెద్దవి కావడంతో, తమ మీదికే లేస్తున్నాయనుకుని ముందున్నవాళ్లు మరింత రెచ్చిపోయారు. పూలపిల్ల వేషం వేసిన నటి లేచి కూర్చుని "నేను బతికే ఉన్నానండీ! ఆయన్ని వదలండి!" అని కేకలు పెట్టింది. ఆమెను కాళ్లతో పక్కకు నెట్టేశారు. గవరయ్య ఎముక విరిగిన చప్పుడు కంట్రోల్ గది స్పీకర్లలో వినపడింది.

"కథ ఆగిపోయింది. అతను నటుడు" అని ఆకృతి పదేపదే ప్రకటించింది. సైరన్ మోగింది. ఒక్కరూ ఆగలేదు.

సువర్చల మెట్లు దిగి పరిగెత్తింది. ఆమె వచ్చేసరికి కాపలావాళ్లు గుంపును చెదరగొడుతున్నారు. రాళ్ల మీద సూరిపండు వెల్లకిలా పడి ఉన్నాడు. అతని మీద వంగి, రెండు చేతులూ గొంతు మీద పెట్టి, ఒక భారీ మనిషి మోకాళ్ల మీద కూర్చున్నాడు. పక్కన నిలబడ్డ బక్కపలచని ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని వణికిపోతోంది.

సువర్చల కింద పడున్న తెడ్డు తీసుకుంది. ఆ భారీ మనిషి తల మీద రెండుసార్లు, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. అతను పక్కకు ఒరిగిపోయాడు. ఆ క్షణమే సూరిపండు మెడలోంచి రక్తం చిమ్మి ఆమె మొహాన పడింది. అంబులెన్స్ వచ్చేసరికి అతనిలో ప్రాణం లేదు.

మర్నాడు స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ సాల్మన్ వాంగ్మూలాలు ముందు పెట్టాడు. "నలభై ఒక్కమంది చెప్పింది ఒకటేనండి. ఆ లావుపాటోడు పిల్ల గొంతు నొక్కుతుంటే కళ్లారా చూశామంటున్నారు."

"ఎంత అబద్ధం! మనుషులేనా వీళ్లు?"

"మరి మీరు కొట్టినాయన సంగతేంటండి?"

"వాడు సూరిపండు గొంతు నులుముతున్నాడు. నేను కళ్లారా చూశాను."

సాల్మన్ రికార్డింగు పెట్టాడు. బక్కపలచని ఆవిడ కొంగు చాటున చేపల కత్తి. అది సూరిపండు మెడలో దిగి బయటికొచ్చింది. అందరూ వెనక్కి జరిగారు. భారీ మనిషి ఒక్కడే గుంపును తోసుకుంటూ వచ్చి, మోకాళ్ల మీద కూలబడి, తెగిన నరం మీద బొటనవేళ్లు అదిమిపట్టాడు.

"డాక్టరుగారండి ఆయన. మీ దెబ్బకి ఇంకా స్పృహ రాలేదు" అన్నాడు సాల్మన్.

తెర మీద సువర్చల తెడ్డు ఎత్తింది. డాక్టరు తల తిప్పి నేరుగా ఆమె మొహంలోకి చూసి అన్నాడు: "అమ్మా, గుడ్డ ఉంటే ఇవ్వండి. వదిలితే పోతాడు."

నిన్న తెడ్డు ఎత్తినప్పుడు కూడా ఆ మాట ఆమెకు స్పష్టంగానే వినపడింది.