కింది గదిలో కుంటి అడుగులు

సియోల్‌లోని ఆ యూనివర్సిటీ డాన్సు విభాగంలో నేలమాళిగ గది పేరెత్తితే చాలు, పీజీ వాళ్లు మాట మార్చేస్తారు. రాత్రయితే అక్కడ ఎవరో ఆడతారట. ఒక అడుగు గట్టిగా పడుతుంది... రెండోది ఈడ్చుకుంటూ వస్తుంది. పట్టా ప్రదర్శన ముందర కాలు విరిగి, ఆ దిగులుతోనే పోయిన అమ్మాయి ఒకతె ఇంకా తన నాట్యం పూర్తి చేసుకుంటోందని చెప్పుకుంటారు.

బిన్నా ధైర్యం ఎక్కువై అక్కడికి పోలేదు. వేరే దిక్కులేక పోయింది.

కొరియోగ్రఫీలో ఎం.ఏ. చేస్తోంది. పట్టా కావాలంటే సొంతంగా ఒక నాట్యం కూర్చాలి. పేరుకే సొంతం! ఓక్ ప్రొఫెసర్ శిష్యులెవరైనా సరే, చివర్లో ఆయనగారి చేతి విసురు పెట్టి తీరాలి — కుడిచెయ్యి నుదుటి దాకా లేచి, చటుక్కున రాలిపోవాలి. అది గురుభక్తి అట. బిన్నా పెట్టనంది. బూసాన్ చేపల సంతలో ఐసు బుట్టలు మోసే వాళ్లమ్మ మీద కూర్చిన నాట్యం అది. అమ్మ చేతులు ఏనాడూ అలా రాలిపడలేదు.

పెట్టకపోతే పట్టా లేదన్నాడాయన. ఆ మాట పొక్కగానే సీనియర్లు సాధన చేసుకునే పై గదులన్నీ తమ పేర్న రాయించేసుకున్నారు. ఒక్క మ్యోంజు మాత్రం జాలిపడి, దెయ్యం దగ్గరికి రాకుండా గుమ్మంలో చల్లమని గుప్పెడు ఎర్ర బొబ్బర్లు చేతిలో పెట్టింది.

"ఒక్క చెయ్యి విసిరితే పోయేదానికి ఎందుకే నీకింత మొండితనం?"

"ఇవి చల్లితే జారిపడి నా కాలే విరుగుతుందక్కా," అంది బిన్నా.

తెల్లారితే పరీక్ష. కాపలావాడు లైట్లు కట్టేసి వెళ్లాడు. గది తలుపు మీద ఆకుపచ్చ దీపం ఒక్కటే మిగిలింది. బిన్నా చెప్పులు విడిచి తలుపు తోసింది.

ధన్...

స్‌స్‌స్...

అడుగు. ఆ వెనకే ఈడ్పు.

బిన్నా ఒక్క పరుగున మెట్ల దాకా పోయింది. పోయి? పైన గదుల్లేవు, చేతిలో రోజుల్లేవు. అక్కడే ఆగిపోయింది... భయం పోలేదు గానీ, దాన్ని మించి ఒళ్లు మండింది. వెనక్కొచ్చి చీకట్లోకి చూస్తూ అంది:

"అక్కా... ఎవరైతేనేం, పక్కకెళ్లి కూర్చో. చచ్చాక కూడా నీ నాట్యం నువ్వు వదల్లేదు. బతికుండగా నాది నేనెందుకు వదలాలి? ఇందులో నీ చేతికీ చోటు లేదు, ఆ ముసలాయన చేతికీ చోటు లేదు. చూస్తే చూడు."

చప్పుడు ఆగిపోయింది. గోడవార ఏదో మెల్లగా చతికిలబడింది...

బిన్నా ఆడింది. వణుకుతూ మొదలుపెట్టి, వణుకు మర్చిపోయి ఆడింది. చివరికి చేతులు బుట్ట కిందే ఉన్నాయి. రాలలేదు.

గోడవారనుంచి దగ్గు.

"బుట్ట ఎత్తేచోట... నడుం ముందా, మోకాలు ముందా?"

ఆడగొంతు కాదు. ఓక్ ప్రొఫెసర్‌ది!

మోకాలికి కట్టు కట్టుకుని నేలమీద కూర్చున్నాడు. తన నాట్యానికి తన కాలే సహకరించడం లేదని, అది శిష్యుల కంట పడకూడదని, ఎవరూ రాని ఈ చీకట్లోకి దిగి వస్తున్నాడట. దెయ్యం పుకారు ఆయనకు కలిసొచ్చింది.

ఇందాక బిన్నా ఆయన మొహం మీదే ముసలాయన అంది! నడుం వంచి క్షమాపణ అడగాలి. సగం వంగింది కూడా... మళ్లీ నిటారుగా నిలబడింది.

"రేపు ఆ చెయ్యి పెట్టను సర్."

ఆయన గోడ పట్టుకుని లేచాడు. ధన్... స్‌స్‌స్... తలుపు వైపు పోతున్నాడనుకుంది. పట్టా పోయిందనే అనుకుంది.

అడుగులు ఆమె వీపు వెనక ఆగాయి. ఆ విభాగంలో ఎప్పుడూ గురువు ముందు నిలబడతాడు, శిష్యులు వెనక నిలబడి చూసి చేస్తారు.

"మొదటినుంచి చెయ్యి," అన్నాడు గుసగుసగా. "కాస్త నెమ్మదిగా... నాకు అందేట్టు."

బిన్నా వెనక్కి తిరగలేదు. మోకాళ్లు వంచి, అమ్మ మొదటి బుట్ట ఎత్తింది.